హయాతీన్ గోలీలూ మా ఖాందాన్ బట్టతలలూ

మా ఖాందాన్‌లో మగాళ్లకు ఆస్తులు రాలేదు గానీ బట్టతల మాత్రం ఎవరి వాటా వాళ్లకు సరిగ్గా అందింది. మా దాదాకి వచ్చింది, అబ్బాకి వచ్చింది, ఇద్దరు చాచాలకి వచ్చింది, అమ్మీ వైపు మామూలకీ వచ్చింది. నాకు ముప్పై రెండేళ్లు నిండేసరికి నుదురు నడినెత్తి దాకా జరిగింది. ఆఫీసులో పక్క సీటువాళ్లు ట్యూబ్‌లైటు ఖర్చు తగ్గిందని నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. అప్పటికి నాకు షాదీ అయి ఇద్దరు పిల్లలు. బట్టతల మీద నవ్వుకోవాలంటే ఆ ఒక్క సహూలత్ ఉంటే చాలు.

మా భాంజాకి ఆ సహూలత్ లేదు. మా పెద్ద ఆపా కొడుకు వాడు. ఇరవై ఆరేళ్లు. ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో నౌకరీ, నెలకి 19 వేలు. సిగరెట్టు ముట్టడు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు, ఒకటో తారీఖు రాగానే నల్లగొండలో ఉన్న ఆపాకి పైసలు పంపుతాడు. రెండేళ్లుగా రిష్తాలు చూస్తున్నారు. మూడు చోట్ల మాట పక్కా అయ్యేదాకా వచ్చి ఆగిపోయింది. మూడోసారి మష్షాతా ఖాలా మొహమాటపడుతూనే అసలు సంగతి బయటపెట్టింది.

"పిలగాడు మంచోడే అన్నరమ్మా. టోపీ లేకుండ ఒక ఫొటో పంపమన్నరు. పంపినంక మళ్ల ఫోన్ చెయ్యలె."

అప్పటి నుంచి వాడి రాత్రులన్నీ ఫోన్లో బట్టతల ప్రకటనలు చూడటంతోనే గడిచాయి. ఒకచోట పది ప్రశ్నలు అడిగారట. నెత్తి ఫొటో పంపమన్నారట. తర్వాత 'ప్రత్యేకంగా మీ కోసమే' అంటూ ఇంటికి ఒక డబ్బా వచ్చింది. అందులో రోజుకొకటి వేసుకునే బయోటిన్ గోలీలు, ఒక్కోటి 10 మిల్లీగ్రాములు. ఒక మల్టీవిటమిన్ సీసా, ఒక నూనె, ఒక షాంపూ. నెలకి 1,800 రూపాయలు. 14 నెలలు తెప్పించాడు. లెక్కేస్తే 25,200. వాడి నెలా పది రోజుల కమాయి అది.

ఇది చాలదన్నట్టు నెత్తి మీద చల్లుకునే నల్ల పొడి ఒకటి కొన్నాడు. ఉన్న నాలుగు వెంట్రుకలకు అతుక్కుని జుట్టు ఒత్తుగా ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ వజూలో మసహ్ చేస్తే చెయ్యంతా నల్లగా అవుతుంది. అందుకని జుమా రోజు గదిలోనే వజూ చేసుకుని, ఆ తర్వాత పొడి చల్లుకుని, వజూ పోకుండా కాపాడుకుంటూ మస్జిద్‌కి పోయేవాడు. మిగతా రోజుల్లో ఆఫీసులో జొహర్ ఖజా అయిపోయేది. వాడు ఈ సంగతి చెప్పిన రోజు నాకు నవ్వు రాలేదు.

"మామూ, మీరు అఖ్బార్‌లో పనిచేస్తారు కదా. కనుక్కుని చెప్పండి. ఈ విటమిన్లతో బాల్ వస్తాయా, రావా?"

అడిగింది వాడే అయినా జవాబు మన ఇళ్లలో చాలామందికి కావాలి. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ పేరు సంగతి. మా ఉర్దూ మీడియం స్కూల్లో సైన్స్ కితాబ్‌లో విటమిన్ అనే మాట ఉండేది కాదు. హయాతీన్ అని ఉండేది. హయాత్ అంటే జిందగీ. విటమిన్ అన్నా అదే అర్థం. పోలండ్‌లో పుట్టిన కాసిమిర్ ఫంక్ 1912లో ప్రాణం అనే అర్థమున్న లాటిన్ మాట తీసుకుని ఆ పేరు పెట్టాడు. బయోటిన్‌లో ఉన్న గ్రీకు మాటకీ జీవం అనే అర్థం. దాన్నే ఒకప్పుడు విటమిన్ హెచ్ అనేవాళ్లు. జర్మన్ భాషలో జుట్టు, చర్మం అనే రెండు మాటలూ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. ఎలుకలకు పచ్చి గుడ్డు తెల్లసొన అదేపనిగా పెడితే వాటి చర్మం పాడై బొచ్చు ఊడింది. బయోటిన్ అందిస్తే తగ్గింది. తెల్లసొనలో అవిడిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది బయోటిన్‌ని గట్టిగా పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. జుట్టు కోసం పొద్దున్నే పచ్చి గుడ్లు తాగే పిల్లలు మన గల్లీల్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు ఈ సంగతి చెప్పండి. గుడ్డు ఉడికిస్తే ఆ బాధ ఉండదు.

అంటే బయోటిన్ లోటు వస్తే జుట్టు ఊడటం నిజమే. కానీ మామూలుగా అన్నం, పప్పు, గుడ్డు, గోష్ తినే మనిషికి ఆ లోటు రావడం చాలా అరుదు. పెద్దవాళ్లకు రోజుకి 30 మైక్రోగ్రాములు చాలని అమెరికా లెక్క. మా వాడు వేసుకున్న ఒక్కో గోలీలో 10,000 మైక్రోగ్రాములు ఉంది. అంటే 300 రోజులకు మించిన కోటా ఒక్క పూటలో గొంతు దిగుతోంది. ఒంటికి అక్కర్లేనిది పేషాబ్‌లో పోతుంది.

అసలు మగాళ్ల బట్టతల తిండి లోటు వల్ల వచ్చేది కాదు. మన హకీములు బుఖ్రాత్ అని పిలిచే హిపోక్రాటిస్ పేరు మీదున్న వైద్యసూత్రాల్లోనే ఖ్వాజాసరాలకు బట్టతల రాదన్న మాట ఉంది. 1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికా శాస్త్రవేత్త దాని కారణం చూపించాడు. యుక్తవయసుకి ముందే వృషణాలు పోయిన మగాళ్లకు బట్టతల రాలేదు. వాళ్లలో బట్టతల ఉన్న ఖాందాన్లకు చెందినవాళ్లకు టెస్టోస్టిరాన్ ఇస్తే జుట్టు పలచబడటం మొదలైంది. 1974లో డొమినికన్ రిపబ్లిక్‌లోని కొన్ని కుటుంబాల మీద ఇంకో పరిశోధన వచ్చింది. టెస్టోస్టిరాన్‌ని డీహెచ్‌టీ అనే ఇంకా బలమైన హార్మోన్‌గా మార్చే ఎంజైమ్ ఆ మగాళ్ల ఒంట్లో పుట్టుకతోనే సరిగ్గా లేదు. వాళ్లకూ బట్టతల రాలేదు.

ఈ డీహెచ్‌టీ మగాళ్లందరి ఒంట్లోనూ ఉంటుంది. అందరికీ బట్టతల రాదు. కొందరికి నుదుటి మూలల్లో, నడినెత్తి మీద ఉన్న వెంట్రుకల కుదుళ్లకు అది పడదు. ఆ గుణం పుట్టుకతో వస్తుంది. మామూ నెత్తి చూస్తే భాంజా నెత్తి తెలుస్తుందని మనవాళ్లు అనేది సగం నిజం. ముఖ్యమైన జన్యువొకటి తల్లి నుంచి వస్తుంది. మిగతావి చాలా ఉన్నాయి, అవి రెండు వైపుల నుంచీ వస్తాయి. ఆ కుదుళ్లు ఒక్కసారిగా చచ్చిపోవు. ఒక్కో విడత మొలిచినప్పుడల్లా వెంట్రుక ముందటి కంటే సన్నగా, పొట్టిగా వస్తుంది. చివరికి నూగు మిగులుతుంది. మెడ వెనక, చెవుల పైన ఉన్న కుదుళ్లు డీహెచ్‌టీకి లొంగవు. అందుకే అక్కడి జుట్టు నిలుస్తుంది. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌లో డాక్టర్లు అక్కడి నుంచే కుదుళ్లు తీసి ముందు పెడతారు.

మా అబ్బా కౌలుకి వరి వేసేవారు. ఆకులు పచ్చగా ఉండి కంకికి తెగులు తగిలినప్పుడు యూరియా చల్లితే లాభం లేదని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. బట్టతల దగ్గర విటమిన్ పని అంతే. సత్తువ తక్కువైతే ఎరువు పనిచేస్తుంది. ఇక్కడ తక్కువైంది సత్తువ కాదు.

మరి ఫలానా గోలీలతో జుట్టు వచ్చిందని ఖసం వేసి చెప్పేవాళ్ల మాటో? వాళ్లలో చాలామంది ఝూట్ చెప్పడం లేదు. జుట్టు రాలడంలో ఇంకో రకం ఉంది. టైఫాయిడో, డెంగీయో, కోవిడో వచ్చి తగ్గాక, ఆపరేషనో కాన్పో అయ్యాక, కడుపు మాడ్చుకుని బరువు తగ్గాక, రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టు వస్తుంది. కంగారుపడి గోలీలు మొదలుపెడతారు. ఆ రకం జుట్టు చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే తిరిగి వస్తుంది. వచ్చినప్పుడు చేతిలో ఏ డబ్బా ఉంటే దానికే పేరు పోతుంది. కొన్ని కిట్లలో విటమిన్‌తో పాటు మినాక్సిడిల్ సీసా కూడా పెడతారు. పని సీసా చేస్తుంది, ఫొటోలో గోలీ కనిపిస్తుంది. నేను ఇరవై ఏళ్లుగా అఖ్బార్‌లో ఉన్నాను. హెల్త్ పేజీకి వచ్చే ప్రెస్‌నోట్లలో ఈ తేడా రాసినది నాకు ఇంతవరకు తగల్లేదు.

విటమిన్లు బేకార్ అనడం లేదు. ఐరన్ తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, ప్రొటీన్ చాలకపోయినా జుట్టు రాలుతుంది. విటమిన్ డి లోటు మన దగ్గర చాలామందికి ఉంది. పరీక్ష చేయించుకుని, లోటు తేలితే డాక్టర్ రాసింది వేసుకోవడం సహీ. బట్టతల ఉన్నవాడికి ఈ లోటు కూడా ఉంటే, అది సరిచేస్తే దాని వల్ల అదనంగా రాలే జుట్టు ఆగుతుంది. పుట్టుకతో వచ్చిన బట్టతల మాత్రం తన దారిన తాను పోతూనే ఉంటుంది.

నేను ఇదంతా పొద్దుపోక రాయడం లేదు. ఈ గోలీల వల్ల మా ఆపా మంచాన పడబోయింది.

ఆపాకి పదేళ్లుగా థైరాయిడ్ తక్కువ. రోజూ పొద్దున్నే పరగడుపున గోలీ వేసుకుంటుంది. తన జుట్టు కూడా రాలుతోందని, కొడుకు ఖరీదు పెట్టి తెచ్చినవి అలమారీలో ఎందుకు ఉండాలని, వాడి బయోటిన్ గోలీలు తనూ రోజుకొకటి వేసుకోవడం మొదలుపెట్టింది. రెండు నెలల తర్వాత మామూలుగా చేయించుకునే రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ బాగా తక్కువ, టీ4 ఎక్కువ అని వచ్చింది. ఆ కాగితం చూస్తే ఎవరైనా థైరాయిడ్ మందు ఎక్కువైందనే అంటారు. అక్కడి డాక్టర్ డోసు తగ్గించారు. ఇంకో రెండు నెలలకు ఆపా మొహం ఉబ్బింది, కాళ్లు లాగేస్తున్నాయంది, ఎండాకాలంలో రజాయి కప్పుకుంది. ఫోన్లో మాట కూడా నెమ్మదైపోయింది. జుట్టు ముందుకంటే ఎక్కువ రాలింది. అది చూసి బయోటిన్ ఇంకా శ్రద్ధగా వేసుకుంది.

దుల్హాభాయ్ ఆమెని హైదరాబాద్ తీసుకొచ్చారు. ఇక్కడి డాక్టర్ కాగితాలన్నీ చూసి, ఆపా మొహం చూసి, ఒక్కటే అడిగారు.

"అమ్మా, మందులు కాకుండా ఇంకేమన్నా గోలీలు వేసుకుంటున్నారా?"

ఆపా లేదంది. హయాతీన్‌ని ఆమె దవాల్లో లెక్కెయ్యలేదు. నేనే గుర్తుచేశాను. ఆయన బయోటిన్ ఆపించి, కొన్ని రోజులు ఆగి మళ్లీ రక్తం తీయించారు. ఈసారి టీఎస్‌హెచ్ ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ. మందు పెరగాల్సిన మనిషికి తగ్గింది. పాత డోసు మళ్లీ మొదలుపెట్టాక కోలుకోవడానికి ఆమెకు మూడు నెలలు పట్టింది.

ఎందుకిలా అయింది? ల్యాబుల్లో చేసే చాలా హార్మోన్ పరీక్షల్లో బయోటిన్‌నే గోందులా వాడతారు. వెతికే పదార్థాన్ని పట్టి నిలబెట్టేది అదే. మన రక్తంలో బయోటిన్ మరీ ఎక్కువగా ఉంటే ఆ గోందుకి అడ్డం పడుతుంది. ఒక రకం పరీక్షలో అంకె తప్పుగా తగ్గుతుంది, ఇంకో రకంలో తప్పుగా పెరుగుతుంది. టీఎస్‌హెచ్ మొదటి రకం, టీ4 రెండో రకం. థైరాయిడ్ ఎక్కువైనవాళ్లకు కూడా కాగితం మీద సరిగ్గా ఇలాగే వస్తుంది. అన్ని మెషిన్లలో ఇలా జరగదు. మన రక్తం ఏ మెషిన్లోకి పోతుందో మనకు తెలీదు.

2017 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. గుండెపోటుని తేల్చే ట్రోపోనిన్ పరీక్షలో కూడా బయోటిన్ వల్ల అంకె తప్పుగా తక్కువ చూపించవచ్చు. అలా తక్కువ చూపించిన ఒక మనిషి చనిపోయినట్టు తమకు సమాచారం వచ్చిందని అందులో చెప్పింది. ఛాతీలో నొప్పితో ఆస్పత్రికి వెళ్లిన మనిషిని, ఏమీ లేదు, ఇంటికి పో అంటే ఏమవుతుందో ఆలోచించండి.

మిగతావాటిలో కూడా ఎక్కువైతే జుట్టు ఊడేవి ఉన్నాయి. విటమిన్ ఏ అలాంటిది, సెలీనియం అలాంటిది. 2008లో అమెరికాలో ఒక ద్రవ సప్లిమెంట్‌లో సెలీనియం రాసినదానికి 200 రెట్లు పడింది. 200 మంది దాకా జబ్బుపడ్డారు. వాళ్లలో చాలామందికి జుట్టు ఊడిపోయింది. మల్టీవిటమిన్ ఒకటి, జుట్టు గోలీ ఒకటి, జిమ్ పౌడరు ఒకటి కలిపి వేసుకునే కుర్రాళ్లు మూడు లేబుళ్లూ పక్కపక్కన పెట్టి చదవండి. అవే పేర్లు మూడింటిలోనూ ఉంటాయి.

లేబుల్ అంటే గుర్తొచ్చింది. మన దేశంలో ఈ సప్లిమెంట్లు ఆహారం కింద లెక్క, మందుల కింద కాదు. ఇది వైద్యం కోసం కాదు అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మాటలు డబ్బా మీద వేయాలని 2016 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు చెబుతున్నాయి. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ జె అని ఒక జాబితా ఉంది. ఫలానా జబ్బుల్ని నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదు అనే జాబితా అది. అందులో కేన్సర్, షుగర్‌తో పాటు బట్టతల కూడా ఉంది. మా భాంజా ఫోన్లోని ప్రకటనల్లో నయం అనే మాట నిజంగానే లేదు. ముందు, తర్వాత అని రెండు ఫొటోలు ఉన్నాయి.

మరి ఇలాజ్ లేదా అంటే, కొంత ఉంది. మినాక్సిడిల్ మొదట బీపీ మందు. అది వేసుకున్నవాళ్లకు ఒళ్లంతా వెంట్రుకలు పెరగడం చూసి నెత్తికి రాసే మందుగా మార్చారు. 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఫినాస్టెరైడ్ టెస్టోస్టిరాన్‌ని డీహెచ్‌టీగా మార్చే ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. డొమినికన్ కుటుంబాల్లో పుట్టుకతో జరిగినదాన్ని కొంతవరకు గోలీతో చేయిస్తుందన్నమాట. బట్టతలకి 1 మిల్లీగ్రాము గోలీగా 1997లో అనుమతి వచ్చింది. రెండూ ఉన్న జుట్టుని కాపాడటంలో ఎక్కువ పనిచేస్తాయి, పోయినదాన్ని తేవడంలో తక్కువ. నెలల తరబడి వాడాలి. ఆపితే వచ్చింది మళ్లీ పోతుంది. మినాక్సిడిల్ మొదట్లో ఇంకొంచెం రాలగొడుతుంది కూడా. ఫినాస్టెరైడ్‌తో కొంతమందికి మర్దానా సమస్యలు, మనసు దిగాలుపడటం రావచ్చు. గర్భంతో ఉన్న ఆడవాళ్లు ఆ గోలీ పొడిని ముట్టుకోకూడదు. కాబట్టి దోస్త్ చెప్పాడనో మెడికల్ షాపువాడు ఇచ్చాడనో మొదలుపెట్టేవి కావు. చర్మం డాక్టర్‌కి చూపించి, మంచీచెడూ అడిగి తెలుసుకుని నిర్ణయించుకోవాల్సినవి.

ఇదంతా భాంజాకి కూర్చోబెట్టి చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు.

"బాల్ గురించి కాదు మామూ. నా వల్ల అమ్మీకి ఇట్లయింది."

"నీ వల్ల కాదు బేటా. అది గోలీ అని, దానికీ ఒక అసర్ ఉంటదని ఆ డబ్బా మీద ఎవరూ రాయలె."

వాడు కిట్ ఆపేశాడు. చర్మం డాక్టర్ దగ్గరికి నేనే తోడు వెళ్లాను. ఆయన మినాక్సిడిల్ రాశారు, ఆరు నెలలు ఓపిక పట్టమన్నారు. ఫినాస్టెరైడ్ సంగతి చెబితే వాడు ఇప్పుడే వద్దన్నాడు. నల్ల పొడి డబ్బా మాత్రం మొన్న వాడి గదికి పోయినప్పుడు కనిపించలేదు. జొహర్ వేళకి ఫోన్ చేస్తే మస్జిద్‌లో ఉన్నానని మెసేజ్ పెట్టాడు.

రిష్తా ఇంకా కుదరలేదు. కుదురుతుంది, ఇన్షా అల్లా. మన ఇళ్లలో రంగు తక్కువని ఆడపిల్లల్ని వెనక్కి పంపడం ఎన్నేళ్ల నుంచి చూస్తున్నాం! ఆ పిల్లలు రాసుకున్న క్రీముల లెక్క ఎవరూ తీయలేదు. ఇప్పుడు అబ్బాయిల వంతు వచ్చింది. పిల్లాణ్ణి చూడటానికి వెళ్లినప్పుడు నౌకరీ అడగండి, అప్పులు అడగండి, కోపం వస్తే ఏం చేస్తాడో వాళ్ల పక్కింటి వాళ్లని అడగండి. నెత్తి చూసి లేచి వచ్చేస్తే ఇవేవీ తెలీవు.

ఇంకొక్క మాట, మా ఆపా రాయమని చెప్పింది. మీ ఇంట్లో ఎవరైనా జుట్టుకో గోళ్లకో బయోటిన్ వేసుకుంటుంటే, రక్తపరీక్షకి వెళ్లేముందు ఆ సంగతి డాక్టర్‌కీ ల్యాబ్‌వాళ్లకీ చెప్పండి. కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపాలి. పెద్ద డోసైతే ఎన్ని రోజులో వాళ్లే చెబుతారు. డాక్టర్ రాసిన మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. పేరు గుర్తుండకపోతే డబ్బానే తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి.